ఆరు సంఖ్యల వెనుక చరిత్ర

అవిచ్ఛిన్న చలరాశిని కనిష్ఠం, గరిష్ఠం, మధ్యగతం, రెండు చతుర్థాంశాలు అనే ఐదు సంఖ్యలతో సంగ్రహించే పద్ధతిని జాన్ టూకీ తన 1977 నాటి గ్రంథంతో ప్రచారంలోకి తెచ్చారు. ఆయన పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లోనే 1976లో ‘ఎస్’ భాష మొదలైంది. 1990లలో న్యూజిలాండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దాని బాటలో ‘ఆర్’ను రూపొందించారు. ఆర్‌లోని ‘సమ్మరీ’ ఆదేశం ఈ తరహా ఐదు విలువలకు అంకమధ్యమాన్ని చేర్చి ఆరు సంఖ్యలిస్తుంది.

ఆర్‌తో పాటే లభించే ‘ఫెయిత్‌ఫుల్’ దత్తాంశం చూడండి. అమెరికాలోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ 272 సార్లు ఎంతసేపు ఎగజిమ్మిందో అందులో ఉంది. అంకమధ్యమం 3.488, మధ్యగతం 4 నిమిషాలు. కాని సోపాన చిత్రం గీస్తే విలువలు 2 దగ్గర, 4.5 దగ్గర రెండు గుంపులుగా కనిపిస్తాయి; 3 నిమిషాల దగ్గర దాదాపు ఖాళీ. ఆరు సంఖ్యలూ ఈ సంగతి చెప్పవు. కాబట్టి సంగ్రహాన్ని ముగింపుగా కాక, పరిశీలనకు ఆరంభంగా భావించండి.