కూలి మనిషికి ముఖం దొరికిన శతాబ్దం

యూరప్ చిత్రకళలో చాలాకాలం పెద్ద కాన్వాసు రాజులకు, దేవుళ్లకు, యుద్ధాలకే. కష్టజీవులు చిన్న చిత్రాల్లోనో, పెద్ద దృశ్యంలో ఏ మూలనో కనబడేవారు. 1848 విప్లవం తర్వాత ఫ్రాన్స్‌లో ఈ కట్టుబాటు గట్టిగా దెబ్బతింది.

గుస్తావ్ కూర్బె 1849లో తన సొంతూరు ఓర్నాన్ దగ్గర రోడ్డు పక్కన కంకర కొడుతున్న ముసలివాణ్ణి, కుర్రవాణ్ణి చూశాడు. వాళ్లిద్దరినీ సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు కాన్వాసు మీదికి తెచ్చాడు. చిరిగిన బట్టలు స్పష్టంగా కనిపిస్తాయి కానీ ముఖాలు కనిపించవు. ఒకరిది టోపీ నీడలో పడింది, ఇంకొకరు మనకు వీపు పెట్టి రాళ్ల తట్ట ఎత్తుతున్నాడు. ఆ చిత్రం 1945లో, యుద్ధకాలంలో, డ్రెస్డెన్ దగ్గర నాశనమైంది. మనకు మిగిలినవి ఫొటోలే.

రైతుబిడ్డ మిలే 1857లో పరిగె ఏరుకునే ముగ్గురు ఆడవాళ్లను గీశాడు. కోతలయ్యాక చేలో రాలిన గోధుమ వెన్నులు ఏరుకోవడం అక్కడి నిరుపేదలకు దక్కిన హక్కు. వెనకాల దూరంగా ఎత్తైన కుప్పలు, బళ్లు, గుర్రమెక్కి అజమాయిషీ చేసే మనిషి. ముందు, నేలకు వంగిన వీళ్ల గుప్పిట్లో నాలుగు వెన్నులు. కాన్వాసు చిన్నదే, నినాదమేదీ లేదు. అయినా పారిస్‌లో కొందరు విమర్శకులకు అందులో తిరుగుబాటు కనిపించింది. వాళ్ల భయం అకారణం కాదనే నా నమ్మకం. అంత పంటనూ ఇంత లేమినీ ఒకే పొలంలో చూశాక ఎవరికైనా ప్రశ్న పుడుతుంది. అయితే ఇక్కడా ముఖాలు నీడలోనే ఉన్నాయి.

లండన్‌లో ఫోర్డ్ మాడక్స్ బ్రౌన్ 1852 నుంచి 1865 దాకా ‘వర్క్’ చిత్రం మీద పనిచేశాడు. హాంప్‌స్టెడ్ వీధి తవ్వే కూలీలు నడుమ ఎండలో వెలుగుతుంటే, కార్లైల్ వంటి మేధావులు పక్కన నిలబడి చూస్తుంటారు.

అసలు మలుపు రష్యాలో వచ్చింది. ఇల్యా రేపిన్ 1870 వేసవిలో వోల్గా తీరాన పడవలు లాగేవాళ్ల మధ్య గడిపి, 1873కు చిత్రం పూర్తిచేశాడు. పదకొండు మంది ఛాతీకి పట్టీలు బిగించుకుని, ఇసుకలో కాళ్లీడుస్తూ పడవను లాగుతుంటారు. ఒకడు పొగాకు గొట్టం వదలడు, ఒకడు సోలిపోతున్నాడు, నడుమనున్న కుర్రవాడు పట్టీని సడలించుకుంటూ తలెత్తి చూస్తున్నాడు. ముందున్నవాడి పేరు కానిన్, ఒకప్పుడు మతగురువు. పదకొండూ వేర్వేరు ముఖాలు, వేర్వేరు బతుకులు. దూరంగా ఒక ఆవిరి ఓడ పొగ కూడా గీశాడు: మనుషులు లాగనక్కర్లేని రోజులొచ్చినా వీళ్లు లాగుతూనే ఉన్నారు. దీన్ని కొన్నది జారు కొడుకే.

జర్మనీలో చిత్రకారుడు మెంజెల్ 1875లో ఇనుప రోలింగ్ మిల్లును చిత్రించాడు. ఎర్రటి ఇనుము పక్కనే కొందరు కూలీలు గబగబా అన్నం తింటుంటారు. అదే ఏడాది చెక్క నేలను చిత్రిక పడుతున్న పనివాళ్లను ఫ్రెంచి చిత్రకారుడు కైబొట్ గీస్తే పారిస్ అధికారిక కళా ప్రదర్శన ‘సలోన్’ తిప్పికొట్టింది. మరుసటి ఏడు ఇంప్రెషనిస్టులు దాన్ని తమ ప్రదర్శనలో పెట్టారు.

వీటన్నిటిలో నేను మొదటి స్థానం రేపిన్‌కే ఇస్తాను. కూలీని జాలిపడాల్సిన గుంపులో కలిపేయకుండా, ఒక్కొక్కరినీ విడిగా గుర్తుపట్టేలా గీసినవాడు ఆయన.