మెడెలీన్ లైనింగర్: రోగి సంస్కృతినీ చదవాలన్న నర్సు

1950ల మధ్యలో మెడెలీన్ లైనింగర్ (1925–2012) అమెరికాలోని సిన్సినాటిలో, మానసిక సమస్యలున్న పిల్లల కేంద్రంలో నర్సుగా పనిచేశారు. వేర్వేరు సంస్కృతుల పిల్లలు వేర్వేరుగా ప్రవర్తించేవారు. అందరికీ ఒకే రకమైన సంరక్షణ సరిపోలేదు. తాను చదివిన నర్సింగ్‌లో దీనికి జవాబు లేదని ఆమె గ్రహించారు.

అందుకే మానవశాస్త్రం చదివారు. 1960ల తొలినాళ్లలో న్యూగినీలోని గాడ్సప్ ప్రజల మధ్య నివసించి, వారి దృష్టిలో సంరక్షణ అంటే ఏమిటో పరిశీలించారు. 1965లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. 1974లో ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్ సొసైటీని స్థాపించారు.

సిద్ధాంత సారం మూడు మాటల్లో:
1. మేలు చేసే ఆచారాన్ని కాపాడటం.
2. చికిత్సకూ ఆచారానికీ మధ్య సర్దుబాటు చేయడం.
3. హాని చేసే అలవాటును రోగితో కలిసి మార్చడం.

అయితే ఏది మేలో, ఏది హానో నిర్ణయించేది ఎవరు? న్యూజిలాండ్‌కు చెందిన మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ ఈ ప్రశ్నను ముందుకు తెచ్చారు. నర్సు ముందు తన అధికారాన్నీ, తన అపోహలనూ పరీక్షించుకోవాలని, సేవ సురక్షితమో కాదో చెప్పాల్సింది దాన్ని పొందినవారేనని ఆమె వాదించారు. ఈ ‘సాంస్కృతిక భద్రత’ భావన 1992లో ఆ దేశ నర్సింగ్ విద్యలో భాగమైంది.

మెయిన్స్ కోసం: జీఎస్-4లో బలహీన వర్గాల పట్ల సహానుభూతి, కరుణ అనే అంశానికి ఈ ఇద్దరినీ కలిపి ఉదహరించండి. రేపు ఏజెన్సీ గ్రామంలో ఒక గర్భిణి ఆసుపత్రికి రానంటే, మూఢనమ్మకమని కొట్టిపారేయకుండా ఎందుకు రానంటోందో ఆమెనే అడగడం అధికారి మొదటి పని.