గవర్నరు గారి పేరిట తనఖా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగితే, నాకు తెలిసిన చరిత్ర ఏముంది అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. అందులో చాలా కాలం హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు సీటు చూశాను. సరే, దాని గురించే రాస్తాను. చదివే మిత్రుల్లో చాలామంది ఇళ్ళు ఆ అడ్వాన్సుతో లేచినవే కదా!

‘ఇల్లు కట్టి చూడు’ అన్న సామెత పుట్టిన నాటికి ఇంటికని అప్పిచ్చే సంస్థ లేదు. మా నాన్నగారి తరంలో పొలం అమ్మాలి, లేదా ప్రామిసరీ నోటు రాసి వడ్డీ వ్యాపారి దగ్గర తేవాలి. 1969లో పద్నాలుగు బ్యాంకులు జాతీయమైనా, వాటి చూపు వ్యవసాయం మీద, చిన్న పరిశ్రమల మీద ఉండేది. 1970లో హడ్కో వచ్చింది గాని, అది ముఖ్యంగా హౌసింగ్ బోర్డుల వంటి సంస్థలకు అప్పిచ్చేది. ఉద్యోగికి సర్కారే దిక్కు. కేంద్రం తన ఉద్యోగులకు 1956లోనే ఈ అడ్వాన్సు పెట్టింది. రాష్ట్రాలూ ఆ దారే పట్టాయి.

ఇప్పటి పిల్లలకు దీని నడక వింతగా ఉంటుంది. సొమ్మంతా ఒకేసారి ఇవ్వరు. పనిని బట్టి విడతలుగా ఇస్తారు. స్థలమూ ఇల్లూ తనఖా పెట్టాలి. కేంద్ర ఉద్యోగి రాష్ట్రపతి పేరిట, మనం గవర్నరు పేరిట. మా ఆవిడ ఆ కాగితం చూసి, “గవర్నరు గారికి మన రెండు గదుల ఇల్లెందుకండీ?” అంది. వసూలులో ముందు అసలు, ఆ తర్వాతే వడ్డీ. కేంద్ర నిబంధనల్లో అసలుకు 180 నెలవాయిదాలు, వడ్డీకి 60 మించరాదని ఉండేది. అదీ బారువడ్డీ, తరుగుతున్న అసలు మీదే. బ్యాంకు ఇ.ఎం.ఐ.లో తొలి ఏళ్ళు కట్టినదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. ఇక్కడ మొదటి రూపాయి నుంచీ అసలే తీరేది. ఇంత మేలైన అప్పు నేను మళ్ళీ చూడలేదు.

చిక్కంతా విడతల దగ్గరే. 1986లో నేను ఇల్లు మొదలెట్టాను. స్లాబుకు సెంట్రింగు కొట్టి, ఇనుము కట్టాక రెండో విడత ఆగిపోయింది. ‘బడ్జెటు అయిపోయింది, మళ్ళీ రిలీజయ్యాక చూద్దాం’ అన్నారు. అదే మాట నా సీట్లో కూర్చుని నేనెంతమందికి చెప్పానో! వాళ్ళకూ ఎక్కడో సెంట్రింగు కొట్టే ఉంటుందని అప్పటిదాకా నాకు తోచలేదు. పైన మబ్బు, కింద సెంట్రింగు చెక్కలకు రోజు అద్దె. మా ఆవిడ గాజులూ చంద్రహారమూ తీసి చేతిలో పెట్టింది. కుదువపెట్టి స్లాబు వేయించాను. విడత వచ్చాక గాజులు విడిపించాను. చంద్రహారం విడిపించలేకపోయాను. ఆమె వెళ్ళిపోయి ఆరేళ్ళయింది, ఒక్కనాడూ అడగలేదు.

ఈలోగా బయట కాలం మారుతూ వచ్చింది. ఐ.సి.ఐ.సి.ఐ.లో పదవీ విరమణ చేసిన హెచ్.టి. పరేఖ్ గారు, అరవై దాటిన వయసులో, 1977లో బొంబాయిలో హెచ్.డి.ఎఫ్.సి. స్థాపించారు. మనబోటి రిటైరైనవాడే సుమండీ! 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు, 1989లో ఎల్.ఐ.సి. హౌసింగ్ ఫైనాన్స్ వచ్చాయి. ఆపైన బ్యాంకులన్నీ ఇంటి అప్పుకు ఎగబడ్డాయి. 2002 నాటి సర్ఫేసీ చట్టంతో, బాకీ పడితే కోర్టుకెక్కకుండానే బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. మా అబ్బాయి ఫ్లాటు అలాంటి అప్పుతోనే కొన్నాడు. అప్పు చేతికి వేగంగానే వచ్చింది, ఒప్పుకుంటాను.

నా బాకీ 2004లో తీరింది. తనఖా విడుదలకు వెళితే నా దస్తావేజులే ఏడు నెలలు దొరకలేదు. ఏ ఆఫీసో చెప్పను.

అసలు ఇది రాయడానికి కారణం వేరే ఉంది. మొన్న మన సభ్యుడొకరు కాలం చేస్తే, పిల్లలు ఇల్లు అమ్మబోయారు. బాకీ ఎప్పుడో తీరిపోయింది, కాని విడుదల పత్రం రిజిస్టరు చేయించలేదు. ఈ.సి.లో ఇంకా గవర్నరు తనఖానే కనబడుతోంది. బేరం ఆగిపోయింది. ‘నో డ్యూ’ కాగితం ఉంటే చాలదు. మీ బీరువా తీసి, రిజిస్టరైన విడుదల పత్రం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మీరుండగానే అర్జీ పెట్టండి. శనివారం సాయంత్రాలు నేను సంఘం ఆఫీసులోనే ఉంటాను, కాగితాలు తెస్తే అర్జీ నేనే రాసిపెడతాను.