వన్ మిస్డ్ కాల్ (2003 సినిమా)

వన్ మిస్డ్ కాల్ 2003లో నిర్మించబడిన జపనీస్ భయానక చిత్రం. జపనీస్ భాషలో దీని పేరు చకుషిన్ అరి. యసుషి అకిమొతో నవల ఆధారంగా తీసిన ఈ సినిమాకు తకషి మీకె దర్శకత్వం వహించాడు. జపాన్ సినిమాశాలల్లో ఇది 2004 జనవరిలో విడుదలయింది.

కథ

యోకో అనే విద్యార్థిని సెల్‌ఫోనుకు తన నంబరు నుండే ఒక కాల్ వస్తుంది. దానిని ఎవరూ అందుకోరు. అందులో నమోదైన సందేశానికి రాబోయే రోజు తేదీ ఉంటుంది. వినిపించేది ఆమె గొంతే, చివర ఆమె కేకే. ఆ సమయం రాగానే యోకో మరణిస్తుంది. ఆ తరువాత ఆమె ఫోనులోని నంబర్లలో ఒకరికి అటువంటి కాల్ వస్తుంది. స్నేహితురాలు నత్సుమి వంతు వచ్చినపుడు ఒక టెలివిజన్ సంస్థ ఆమె భయాన్ని ప్రత్యక్ష ప్రసారం చేస్తుంది. కథానాయిక యుమి, చెల్లెలిని ఇలాగే కోల్పోయిన యమషిత కలిసి మూలాన్ని వెదుకుతారు. ఆ వెదుకులాట మిమికో అనే బాలిక మరణం వద్దకు, ఒక ఇంటిలో పసిపిల్లకు జరిగిన హింస వద్దకు చేరుతుంది.

నటవర్గం

* కో షిబసకి - యుమి
* షినిచి సుత్సుమి - యమషిత
* కజుయె ఫుకిఇషి - నత్సుమి

తరువాతి చిత్రాలు

దీనికి 2005, 2006లలో రెండు కొనసాగింపులు వచ్చాయి. 2008లో ఎరిక్ వాలెట్ దర్శకత్వంలో అమెరికాలో ఆంగ్లంలో పునర్నిర్మించారు. దానిని విమర్శకులు తీవ్రంగా తిరస్కరించారు.

తెలుగువారికి సంబంధించి

2000 దశకంలో మిస్డ్ కాల్ మన నగరాల్లో ఖర్చులేని సంకేతం. చిక్కడపల్లి, అశోక్ నగర్ వంటి చోట్ల గదులు అద్దెకు తీసుకొని చదువుకొనే విద్యార్థులకు ఇది బాగా తెలిసినదే. నిత్యం వాడే పరికరమే మృత్యువార్త తేవడం ఈ కథలోని భయానికి మూలం. విక్రమ్ కుమార్ దర్శకత్వం వహించిన 13బి (2009)లో టెలివిజన్ ఇటువంటి పాత్రను పోషించింది. ఆయనే తరువాత తెలుగులో ఇష్క్ (2012), మనం (2014) తీశాడు.

కల్పనను నిజమని నమ్మిన సందర్భాలూ ఉన్నాయి. 777888999 నుండి కాల్ వస్తే ఎత్తినవారు చనిపోతారని 2017లో భారతదేశంలో వదంతి వ్యాపించింది. మన దేశపు సెల్‌ఫోను నంబరులో పది అంకెలుంటాయి. ఇందులో ఉన్నవి తొమ్మిదే. అంకెలు లెక్కపెట్టిన వారికి ఆ వదంతి నిలబడదని వెంటనే తెలిసిపోయేది.