అంతర్జాలంలో ప్రాంతీయ భూవిజ్ఞానం: కడప బేసిన్

ఒక ప్రాంతపు రాళ్లను, వాటి పొరలను, మడతలను ఉపగ్రహ చిత్రాలు, డిజిటల్ పటాల సాయంతో ఇంటి నుంచే పరిశీలించడం దాదాపు గత ఇరవై ఏళ్లలో సాధ్యమైంది. తెర మీది పటాల్లోని గీతలు మాత్రం అంతకన్నా చాలా పాతవి.

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) 1851లో థామస్ ఓల్డ్‌హామ్ నాయకత్వంలో మొదలైంది. ఆ సంస్థకే చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు కొండలను పరిశీలించి రాసిన నివేదిక 1872లో అచ్చయింది. అక్కడి నదుల పేర్లు, కొండల పేర్లు పెట్టి ఆయన రాతిపొరలను వర్గాలుగా విడదీశాడు. ఆ తర్వాత ఎన్నో సవరణలు జరిగినా పాపాఘ్ని, నల్లమల అన్న పేర్లు నేటికీ చెక్కుచెదరలేదు.

ఇలాంటి నివేదికలు, పటాలు చాలాకాలం గ్రంథాలయాలు దాటి రాలేదు. 2005లో గూగుల్ ఎర్త్ వచ్చింది. 2008లో అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను ఉచితం చేసింది. మరుసటి ఏడు ఇస్రో ‘భువన్’ అనే పటాల పోర్టల్‌ను తెచ్చింది. రాళ్ల సంగతికొస్తే అసలు మేలు చేసింది జీఎస్ఐ వారి ‘భూకోశ్’ పోర్టల్. 2023లో జాతీయ భూవిజ్ఞాన సమాచార నిధి కూడా తోడైంది.

సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల కడప బేసిన్ ఉపగ్రహ చిత్రంలో నెలవంకలా కనిపిస్తుంది. పడమటి అంచున పొరలు గ్రానైట్ మీద ఏటవాలుగా ఒరిగి ఉంటాయి. తూర్పున నల్లమలలో ముడతలు పడ్డాయి. నేల మీద నిలబడి ఎంత చూసినా ఈ తేడా ఒక్క చూపులో అందదు. గండికోట దగ్గర పెన్న నది క్వార్ట్‌జైట్ రాతిని కోసిన లోయ కూడా చిత్రంలో స్పష్టంగా తెలుస్తుంది. జమ్మలమడుగు వైపు జరిగి భూకోశ్ పటాన్ని తాకితే ‘నార్జి సున్నపురాయి’ అని వస్తుంది. ఇళ్లలో పరిచే కడప నాపరాయి అదే. నార్జి కడప జిల్లాలోని ఊరే.

అయితే ఉపగ్రహ చిత్రం రంగును, ఆకారాన్ని మాత్రమే చూపుతుంది. రాయి ఏదో తేల్చాలంటే సుత్తి పట్టక తప్పదు. పటాన్ని ఎంత పెద్దది చేసినా దాని కచ్చితత్వం పెరగదు. 1:50,000 పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. కాబట్టి పటంలోని గీతను నమ్ముకుని పొలంలో బోరు వేయించకండి.