మా అత్తగారి థర్మామీటరు

మొన్న అటక సర్దుతుంటే మా అత్తగారి మందుల డబ్బాలో పాత జ్వరం థర్మామీటరు దొరికింది. మా ఆడపడుచు కూతురు, ఏడో నెల, "భలే ఉందే అత్తయ్యా" అని తీసుకోబోతే గబుక్కున లాక్కున్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఇలాంటిదే పగిలితే, అక్కా నేనూ ఆ వెండి పూసల్ని అరచేతుల్లో దొర్లిస్తూ మధ్యాహ్నమంతా ఆడుకున్నాం. సాయంత్రం అమ్మ తిట్టింది పాదరసం ముట్టుకున్నందుకు కాదు, అక్క బంగారు ఉంగరం తెల్లబడినందుకు!

పాదరసపు థర్మామీటరు ఫారెన్‌హీట్ 1714లో చేశాడు. అయినా నూట యాభై ఏళ్ల తర్వాత కూడా డాక్టర్ల దగ్గరున్నది అడుగు పొడవుండేది, జ్వరం చూడ్డానికి ఇరవై నిమిషాలు పట్టేది. జ్వరంతో గింజుకునే పిల్లాణ్ణి అంతసేపు ఎవరు పట్టుకోగలరు? 1866లో ఆల్‌బట్ అనే ఇంగ్లండు డాక్టరు ఐదు నిమిషాల్లో జ్వరం చూపే ఆరంగుళాల థర్మామీటరు తయారుచేయించాడు. అలా క్రమంగా అది ఇళ్లలోకి వచ్చింది.

దాని లోపలున్నది విషమన్న సంగతి మనదాకా రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. జపాన్‌లోని మినమాటాలో ఒక రసాయన కర్మాగారం పాదరసం కలిసిన నీళ్లు సముద్రంలోకి వదిలింది. ఆ చేపలు తిన్న పిల్లులు పిచ్చిగా గంతులేసి చచ్చాయి. మనుషుల్లో ఆ జబ్బును 1956లో గుర్తించారు. పైకి బాగానే కనిపించిన తల్లుల కడుపున జబ్బుతో బిడ్డలు పుట్టారు. అది మిథైల్ పాదరసం, థర్మామీటరులోది లోహం, రెండూ ఒకటి కావు. కానీ కాలువలో పారబోసిన లోహాన్ని నీటి బురదలోని సూక్ష్మజీవులు ఆ రూపంలోకి మార్చేస్తాయి. ఆ ఊరి పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒప్పందం జరిగింది, మన దేశం 2018లో అందులో చేరింది.

పగిలితే చీపురు పట్టకండి, పూసలు ఇంకా చిన్నవై చెదురుతాయి. వాక్యూమ్ క్లీనరైతే ఆవిరిని ఇల్లంతా చిమ్ముతుంది. పిల్లల్ని, గర్భిణుల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, గాజులు, ఉంగరాలు తీసేసి, రెండు అట్టముక్కలతో పూసల్ని ఒకచోటికి నెట్టి మూత గట్టిగా ఉన్న సీసాలోకి ఎత్తాలి. మిగిలిన రవ్వలకి సెల్లోటేపు. సింకులో మాత్రం వద్దు.

2016 నాటి చెత్త నిబంధనల్లో పగిలిన థర్మామీటర్లు, సీఎఫ్ఎల్ బల్బులు ఇంటి ప్రమాదకర చెత్త కిందికి వచ్చేవి, విడిగా ఇవ్వాలి. మా చెత్తబండి అబ్బాయిని అడిగితే "పొడి చెత్తలో వేసెయ్యండమ్మా" అన్నాడు. చేతికి తొడుగుల్లేకుండా ఆ చెత్త కెలికేదీ అతనే. వెయ్యలేదు. గుడ్డలో చుట్టి హార్లిక్స్ సీసాలో పెట్టి, పైన ఎర్రసిరాతో పేరు రాశాను. తీసుకునే కేంద్రం ఎక్కడుందో ఫోన్లు చేస్తూనే ఉన్నాను.