పగ్గాలు ఎవరి చేతిలో?

అమెరికన్ ఫుట్‌బాలు అభిమానుల సంభాషణల్లో గెలుపు ముచ్చట్లు త్వరగానే ముగుస్తాయి. ఓటమి ముచ్చట్లు మాత్రం ఏళ్ళ తరబడి సాగుతాయి. ఆ ముచ్చట్లలో తరచుగా బోనెక్కేవాడు ఆటగాడు కాదు, అఫెన్సివ్ కోఆర్డినేటరు. బంతి తమ జట్టు చేతిలో ఉన్నంతసేపూ ప్రతి ఎత్తుకూ ముందు "ఇప్పుడు ఇది ఆడండి" అని చెప్పే మనిషి. మన నాటక పరిభాషలో సూత్రధారి అనవచ్చు. తేడా ఏమిటంటే మన సూత్రధారి నాందీ ప్రస్తావనలు కాగానే తప్పుకుంటాడు, ఇతడికి తెర పడేదాకా విశ్రాంతి లేదు. ఈ సూత్రధారి ఎట్లా పుట్టాడో, అతని మీద పడే నిందలో న్యాయమెంతో రెండు ప్రసిద్ధమైన ఓటముల సాయంతో పరిశీలించదలచాను.

ఆట తెలియనివారికి ముందుగా రెండు మాటలు. బంతి ఉన్న జట్టుకు 10 గజాలు ముందుకు పోవడానికి 4 అవకాశాలుంటాయి. బంతిని పట్టుకుని పరుగెత్తిన ఆటగాణ్ణి మైదానం లోపల పడగొడితే గడియారం నడుస్తూనే ఉంటుంది. విసిరిన బంతిని ఎవరూ పట్టుకోకపోతే గడియారం ఆగిపోతుంది. ఈ ఒక్క నియమాన్ని గుర్తుంచుకుంటే చాలు, తక్కిన వివాదమంతా బోధపడుతుంది.

తొలినాళ్ళలో ఏ ఎత్తు వేయాలన్నది ఆటగాళ్ళ సొంత వ్యవహారం. గట్టు మీద నుంచి శిక్షకుడు సలహా చెప్పడాన్ని ఆనాటి కాలేజీ నిబంధనలు తప్పుగా పరిగణించాయి. ఈ స్థితిని మార్చినవారిలో ముఖ్యుడు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ శిక్షకుడు పాల్ బ్రౌన్. 1946లో మొదలైన ఆ జట్టులో ఆయన గార్డు స్థానపు ఆటగాళ్ళను ఒకరి తరువాత ఒకరిని వార్తాహరులుగా లోపలికి పంపి, తన ఆజ్ఞను క్వార్టర్‌బ్యాక్ ఆటో గ్రాహంకు చేరవేసేవాడు. 1956లో ఒక అడుగు ముందుకు వేసి, జార్జ్ రాటర్‌మన్ శిరస్త్రాణంలో రేడియో అమర్చాడు. లీగు అధిపతి బెర్ట్ బెల్ ఆ ఏడాదే దాన్ని నిషేధించాడు.

ఇక్కడొక విచిత్రం ఉంది. బ్రౌన్ కింద ఆ వార్తాహరుల పని చేసిన గార్డులలో చక్ నోల్ ఒకడు. తరువాత పిట్స్‌బర్గ్ స్టీలర్స్ శిక్షకుడై 4 సూపర్‌బౌల్‌లు గెలిచిన ఈ నోల్, తన క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షాకు ఎత్తులు ఎంచుకునే స్వేచ్ఛనిచ్చాడు. ఆజ్ఞలు మోసినవాడు అధికారం చేతికొచ్చాక ఆజ్ఞలివ్వడం తగ్గించుకున్నాడన్నమాట! దీనికి పూర్తిగా భిన్నమైన దారిలో నడిచినవాడు బ్రౌన్ వద్దనే సహాయకుడిగా పనిచేసిన బిల్ వాల్ష్. ఆట మొదట్లో వేయవలసిన ఎత్తులను వరుసగా కాగితం మీద ముందే రాసి ఉంచుకునేవాడు. ప్రశాంతంగా ఆలోచించి రాసినది హోరులో తోచినదానికన్నా మేలని ఆయన నమ్మకం. ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకు 3 సూపర్‌బౌల్‌లు దక్కాయి.

చరిత్ర మాత్రం బ్రౌన్ వైపే మొగ్గింది. 1994లో లీగు శిరస్త్రాణంలో రేడియోను అనుమతించింది. గట్టు మీది గొంతు క్వార్టర్‌బ్యాక్ చెవిలోకి నేరుగా చేరింది. పగ్గాలతో పాటు నింద కూడా చేతులు మారింది. ఎత్తు ఎవరిదో అందరికీ తెలిసిపోయాక, ఓడిన రాత్రి ఎవరి పేరెత్తాలో వెతుక్కోవలసిన పని అభిమానికి లేకుండా పోయింది.

మొదటి ఉదాహరణ 2015 ఫిబ్రవరి 1 నాటి సూపర్‌బౌల్. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 28, సియాటిల్ సీహాక్స్ 24. సియాటిల్ గెలుపుకు ఒక్క గజం దూరంలో ఉంది. చేతిలో 3 అవకాశాలు, ఒకే ఒక టైమవుట్. అంతకు ముందు ఎత్తులోనే మార్షాన్ లించ్ 4 గజాలు దూసుకెళ్ళాడు. చూస్తున్నవారందరూ మళ్ళీ అతనికే ఇస్తారనుకున్నారు. కోఆర్డినేటరు డారెల్ బెవెల్ పాస్ ఎంచుకున్నాడు. 26 సెకన్లుండగా బంతి కదిలింది. రసెల్ విల్సన్ విసిరిన బంతిని, ఏ జట్టూ డ్రాఫ్టులో ఎంచుకోని కొత్త కుర్రాడు మాల్కమ్ బట్లర్ ఒడిసిపట్టాడు. ఆట ముగిసింది. అమెరికాలో ఆ ఎంపికను అత్యంత మూర్ఖమైన నిర్ణయంగా ఎంచినవారు ఎందరో!

నేను వారితో ఏకీభవించలేను. లించ్ పరుగెత్తి ఆగిపోతే ఉన్న ఒక్క టైమవుట్ ఖర్చవుతుంది. ఆపైన మళ్ళీ పరుగెత్తి విఫలమైతే ఆఖరి అవకాశానికి సమయం మిగలదు. మూడు అవకాశాలనూ వాడుకోవాలంటే ఒకసారి బంతి విసరక తప్పదు. విసిరింది నేలపాలైతే గడియారం దానంతటదే ఆగుతుంది. పైగా ఆ ఏడాది ఒక గజం దూరం నుంచి లించ్ 5 సార్లు ప్రయత్నించి ఒక్కసారే సఫలుడయ్యాడు. ఆ గీత నుంచి విసిరిన పాసులలో ఆ ఏడు అప్పటిదాకా ప్రత్యర్థి చేజిక్కినది ఒక్కటీ లేదు. ఇక బట్లర్ సంగతి. అదే ఎత్తును సాధనలో ఎదుర్కొని, ఒకసారి భంగపడి, గుర్తుంచుకున్నవాడతను. నిర్ణయం దోషం కన్నా ఎదుటివాడి సాధన గొప్పదని చెప్పడమే న్యాయం. ప్రధాన శిక్షకుడు పీట్ కారల్ బాధ్యతను తన మీద వేసుకున్నాడు. అయినా నింద బెవెల్‌ను వదలలేదు. 2018 జనవరిలో సియాటిల్ అతణ్ణి తొలగించింది.

రెండవ ఉదాహరణ 2017 ఫిబ్రవరి 5, హ్యూస్టన్. మూడవ పాదంలో అట్లాంటా ఫాల్కన్స్ 28-3తో ముందుంది. వారి కోఆర్డినేటరు కైల్ షానహన్ నడిపిన దాడి ఆ ఏడాది లీగులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసినది. నాలుగవ పాదంలో 28-12 వద్ద, ఒక్క గజం కావలసిన చోట పాసుకు పిలుపు వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ మాట్ రయన్ చేతిలోంచి బంతి ఊడిపోయింది. పేట్రియట్స్ దాన్ని 28-20 చేశారు. అప్పటికీ మించిపోయిందేమీ లేదు. జూలియో జోన్స్ పట్టిన అద్భుతమైన క్యాచ్‌తో అట్లాంటా ప్రత్యర్థి 22వ గజం గీత చేరింది. మిగిలినది 4 నిమిషాల 40 సెకన్లు. మూడుసార్లు పరుగెత్తి, సుమారు 40 గజాల కిక్‌తో 3 పాయింట్లు తెచ్చుకుంటే ఆధిక్యం 11 అయ్యేది. ఒక్క దాడితో అందని దూరమది. ఒకసారి పరుగెత్తారు, ఒక గజం పోయింది. తరువాత పాసుకు సిద్ధపడ్డారు, 12 గజాలు పోయాయి. ఆపైన పెనాల్టీ. కిక్ అందనంత వెనక్కి జారిపోయారు. చివరకు సూపర్‌బౌల్ చరిత్రలోనే మొదటిసారి ఆట అదనపు సమయానికి వెళ్ళి, 34-28తో పేట్రియట్స్ గెలిచారు.

షానహన్ పక్షాన వాదించేవారు చెప్పేది కూడా వినదగినదే. తనను అంతదూరం తెచ్చిన శైలినే అతను నమ్ముకున్నాడు, జంకి ఆడినవారు కూడా ఓడారు, అంటారు. కాని నా దృష్టిలో ఇక్కడ గడియారమే అసలు ప్రత్యర్థి. ఆ ఆటలో పేట్రియట్స్ 93 ఎత్తులు ఆడగా, అట్లాంటా ఆడినవి 46. అట్లాంటా రక్షకులకు ఊపిరి తీసుకునే వ్యవధి లేదు. బంతిని ఎక్కువసేపు దగ్గర ఉంచుకోవడమే వారికి చేయగల సాయం. ఆట మధ్యలో వ్యూహం మార్చుకోవడమంటే కొత్త ఎత్తు కనిపెట్టడమే కానక్కరలేదు. తనకు ఇంతసేపూ ఏది కావలసివచ్చిందో, ఇప్పుడు ఏది కావాలో వేరుచేసి చూడటం. ఉదయం పాయింట్లు కావాలి, సాయంత్రం నిమిషాలు కావాలి.

2007 ట్వంటీ20 ప్రపంచకప్ ఫైనల్‌లో ధోనీ చివరి ఓవరు జోగిందర్ శర్మకిచ్చాడు. మిస్బా కొట్టిన బంతి శ్రీశాంత్ చేతిలో పడింది గనుక మనం దాన్ని మేధస్సన్నాం. అది చేయి దాటిపోయి ఉంటే ఏమనేవారమో ఊహించనక్కరలేదు. అయిపోయిన పెళ్ళికి బాజాలు వాయించడం తేలిక. ఫలితాన్ని చేత్తో మూసిపెట్టి, ఆ క్షణాన అతనికి తెలిసినదేమిటని అడగడం కష్టం. అలా అడిగితే ఒకేలా కనిపించే ఈ రెండు ఓటములు వేరుపడతాయి. బెవెల్ లెక్క సరిగా వేసి ఓడాడు. షానహన్ లెక్క మరిచి ఓడాడు.

ఉద్యోగాల లోకం మాత్రం ఈ తీర్పును పట్టించుకోలేదు. ఆ ఓటమి తరువాత వెంటనే షానహన్ శాన్‌ఫ్రాన్సిస్కోకు ప్రధాన శిక్షకుడయ్యాడు. 2020 ఫిబ్రవరిలో మరో సూపర్‌బౌల్‌లో, నాలుగవ పాదంలో 20-10తో ముందుండి 31-20తో ఓడాడు. 2024లో అదనపు సమయంలో మరొకటి. పగ్గాలు ఇప్పటికీ ఆయన చేతిలోనే ఉన్నాయి. అభిమానులూ ఆ పాత 28-3ను ఇంకా మరిచిపోలేదు.